చెన్నై నుంచి వెళ్లి చూడదగ్గ పాత చర్చి: తరంగంబాడి

"చెన్నైలో ఉంటున్నాం, చుట్టుపక్కల చిన్న ఊళ్లో పాత చర్చి ఏదైనా ఉందా? కట్టడం చూడాలని ఉంది" అని అడిగారు. శని, ఆదివారాలు రెండూ కేటాయించగలిగితే తరంగంబాడి వెళ్లండి. పాండిచ్చేరి, చిదంబరం మీదుగా సుమారు 280 కిలోమీటర్లు. రైలైతే మయిలాడుతురైలో దిగి బస్సెక్కాలి.

మేం పెరంబూరులో ఉంటాం. అమ్మను తీసుకుని మొదటిసారి శనివారం మధ్యాహ్నం వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం ఆరాధన అయ్యాక లోపలికి వెళ్లాం. మీరూ అలాగే ప్లాన్ చేసుకోండి.

రాజవీధిలో ఉన్న న్యూ జెరూసలేం చర్చి గురించి చెబుతున్నాను. పొడుగాటి శిఖరం ఏమీ ఉండదు. బయట చూసి అమ్మ "ఇంతేనా?" అంది. గుమ్మం దాటే ముందు ఒక్కసారి తల పైకెత్తండి. గోడ మీద కిరీటం, దాని కింద అల్లుకున్న అక్షరాలు, 1718 అన్న అంకె కనిపిస్తాయి. అది డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ ముద్ర. ఈ ఊరు అప్పుడు డేనిష్ వాళ్లది, మిషనరీలను పంపించింది ఆ రాజే.

లోపలికి వెళ్లాక నేరుగా మధ్యకు నడవండి. చర్చి శిలువ ఆకారంలో ఉంటుంది. నాలుగు వైపులా కలిసే చోట నిలబడితేనే దాని అందం తెలుస్తుంది. పొడవాటి హాలైతే వెనక కూర్చున్నవాళ్లకు ముందువాళ్ల వీపులే దిక్కు. ఇక్కడ ఎటువైపు కూర్చున్నా నడిమి భాగం దగ్గరే. ఇంత పొదుపుగా, ఇంత ఆలోచనతో కట్టిన చర్చి నేను మరొకటి చూడలేదు. "ఇంతేనా" అన్న అమ్మ అరగంట దాకా బెంచీ మీద నుంచి లేవలేదు.

దీన్ని కట్టించిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ 1706లో ఇక్కడికి వచ్చి, తమిళంలో కొత్త నిబంధన అచ్చు వేయించారు. 1719లో, 36 ఏళ్లకే చనిపోయారు. సమాధి ఈ చర్చి లోపలే ఉంది. ఆ ఏడాదే ఇక్కడికి వచ్చిన మరో మిషనరీ బెంజమిన్ షూల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నారు. ఆయన తెలుగు పుస్తకాలు 1746-47లో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. ఆ సంగతి చెబితే అమ్మ మళ్లీ లోపలికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చింది.

అక్కడి నుంచి సముద్రం వైపు నడిస్తే 1620లో మొదలైన డాన్స్‌బోర్గ్ కోట వస్తుంది. ఎండ తగ్గాక వెళ్లండి.