స్వాహిలీ యాప్ సరే, అరుగు మీద కూర్చుంటావా?

తమ్ముడూ, కెన్యా తీరాన మొంబాసాలో ఉద్యోగం వచ్చిందన్నావు, యాప్‌లో అక్కడి భాష స్వాహిలీ నేర్చుకుంటున్నానన్నావు. మంచిదే. వర్క్ పర్మిట్, టీకాల సంగతి ప్రభుత్వ సైట్లలో ఉంటుంది, చూసుకో. పచ్చళ్ల గురించి అంత టెన్షన్ వద్దు, చపాతీ, పిలావు అక్కడా అదే పేర్లతో దొరుకుతాయి. ఈ తీరానికి వచ్చే మనవాళ్లందరూ మలేరియాకి భయపడతారు. నేను చూసినంతలో ఎక్కువమంది పెట్టె సర్దుకున్నది మాత్రం ఒంటరితనం పడలేక.

నేను ఇదే తీరంలో టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో దిగిన కొత్తలో ఆఫీసు, ఫ్లాటు, రాత్రికి తెలుగు సీరియళ్లు, అంతే. మెట్ల మీద పెద్దాయన ఎదురైతే తల ఊపి వెళ్లిపోయేవాణ్ణి. ఇక్కడ చిన్నవాడు ముందు 'షికమో' అనాలి, పెద్దవాళ్లు 'మరహబా' అంటారు. ఆ తర్వాత ఇల్లు, పిల్లలు, పని, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ అడిగాకే అసలు మాట. నాకు పొగరని బిల్డింగంతా అనుకుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

అయినా పక్కింటాయన భోజనానికి పిలిచాడు. రెండు గంటలకన్నది వినపడింది, 'రాత్రి' అన్న ముక్క వినపడలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్లి తలుపు కొడితే ఇల్లంతా నిద్రలో ఉంది. ఇక్కడ గంటల లెక్క పొద్దు పొడిచినప్పటి నుంచి, పొద్దు గూకినప్పటి నుంచి. మన ఉదయం ఏడు వాళ్లకు ఒకటి. వాళ్ల రాత్రి రెండంటే మనకు ఎనిమిది. ఆ ఇల్లాలు నవ్వాపుకుంటూ టీ ఇచ్చింది.

ఆవిడకని ఒక కంగా కొన్నాను. జంటగా అమ్మే రంగుల నూలు బట్ట అది, మీద ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. నేను రంగు చూసి కొన్నాను. అందులో ఉన్నది ఓర్వలేని ఇరుగుపొరుగు మీద ఎత్తిపొడుపు! ముఖాన అనలేనిది ఇక్కడి ఆడవాళ్లు కంగా కట్టుకుని అనేస్తారు. ఆవిడ పెద్దమనసు వల్ల బతికాను. నువ్వు కొట్లో చదివించుకునే కొను. మొంబాసాలో లేసో అని అడగాలి.

నీ యాప్ నేర్పే భాషకు మూలం టాంజానియా దీవి జాంజిబార్‌లోని పట్టణం మాట, కియుంగుజా అనే యాస. 1928లో మొంబాసాలో జరిగిన సమావేశమే దాన్ని ప్రామాణిక భాషకు ఆధారంగా ఎంచుకుంది. మొంబాసా పాతకాపులది కిమ్విటా, పాతకాలపు కవి ముయాకా కవిత్వం చెప్పిన యాస. ఉత్తరాన లాములో కియాము. యాప్‌లో ఇలా లేదే అని అక్కడి పెద్దలను సరిదిద్దబోకు, నవ్వులపాలవుతావు. నైరోబీ కుర్రకారుది షెంగ్, స్వాహిలీలో ఇంగ్లీషు, మిగతా భాషలూ కలిపేస్తారు. అక్కడ నా తీరప్రాంతపు మర్యాదలు చూసి వాళ్లే నవ్వారు.

పోర్చుగీసులు 1593లో మొదలుపెట్టిన మొంబాసా కోట ఫోర్ట్ జీసస్ చూడటానికి ఎలాగూ వెళ్తావు. ఫొటోలు దిగి తిరిగి రాకు. వెనకున్న పాతబస్తీలో ఇళ్ల ముందు బరాజాలుంటాయి, అచ్చం మన అరుగులే. సాయంత్రం చేదు కాఫీ, పల్లీచిక్కీలాంటి కషాటా అమ్మేవాళ్లుంటారు. కూర్చో, ఫోన్ జేబులో పెట్టు. మొదట్లో ఎవరూ పలకరించకపోయినా మళ్లీ వెళ్లు.

ఇల్లు ఆ పక్కల్లోనే వెతుక్కో. గేటు, సెక్యూరిటీ, మూడో అంతస్తు అని మురిసిపోయావో, నాకు మళ్లీ ఉత్తరం రాస్తావు, ఈసారి హైదరాబాద్ టికెట్ల రేట్లు అడుగుతూ.