50 ఎంఎం లెన్స్, ట్రైపాడ్‌తో ఓరియన్ నెబ్యులా: టెలిస్కోపు కొనే ముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. 15 సెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే చుక్కలు గీతల్లా సాగుతున్నాయి, తగ్గిస్తే నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మబ్బు) కనబడటం లేదు. టెలిస్కోపు కొనాలా? వచ్చే అమావాస్యకి ఆస్ట్రానమీ క్లబ్బు వాళ్లు చీకటి చోటుకి తీసుకెళ్తున్నారు, దానికి ఏం సిద్ధం చేసుకోవాలి?

టెలిస్కోపు ఇప్పుడే వద్దు. ఎందుకో లెక్కలోనే తెలిసిపోతుంది. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. ఓరియన్ నెబ్యులా ఆ రేఖకి 5 డిగ్రీల దక్షిణంగా ఉంది కాబట్టి దానికీ దాదాపు అంతే వేగం. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ 3.7 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. పిక్సెల్ సైజుని 206తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్‌లో ఎంత ఆకాశం పడుతుందో వస్తుంది. మీ లెన్స్‌కి అది 15 ఆర్క్ సెకన్లు. అంటే చుక్క సెకనుకి ఒక పిక్సెల్ చొప్పున సాగుతోంది, 15 సెకన్లకి 15 పిక్సెళ్ల గీత. అదే కెమెరాని 1000 ఎంఎం టెలిస్కోపుకి తగిలిస్తే సెకనుకి 20 పిక్సెళ్లు. ఇప్పుడున్న ఇబ్బందే ఇరవై రెట్లవుతుంది.

చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు పెట్టొచ్చో తేల్చడానికి చాలామంది చెప్పే 500 సూత్రం ప్రకారం 500ని 50తో, మళ్లీ క్రాప్ 1.6తో భాగిస్తే 6 సెకన్లు వస్తుంది. చిన్న పిక్సెళ్లున్న ఇప్పటి సెన్సర్లకి అది ఎక్కువే. ఎన్‌పీఎఫ్ లెక్క నయం: ఎఫ్ నంబర్‌ని 35తో, పిక్సెల్ సైజుని 30తో గుణించి, రెండూ కలిపి ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఎఫ్ 2.8 దగ్గర మీకు 4 సెకన్లు వస్తుంది. ఓరియన్‌కి 3 సెకన్లు పెట్టుకోమంటాను. ధ్రువానికి దగ్గరగా ఉండే వాటికి కొంచెం పెంచుకోవచ్చు.

మూడు సెకన్ల ఫ్రేమ్‌లో నెబ్యులా చిన్న గులాబీ మరకలా కనబడుతుంది, అంతే. దాన్ని బయటికి లాగేది ఫ్రేమ్‌ల సంఖ్య. నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఫ్రేమ్‌ల సంఖ్య వర్గమూలం లెక్కన పెరుగుతుంది: 100 ఫ్రేమ్‌లు కలిపితే 10 రెట్లు, 400 కలిపితే 20 రెట్లు. 400 ఫ్రేమ్‌లంటే 20 నిమిషాల వెలుగు. ఒక్కో రా ఫైల్ (సెన్సర్ నుంచి ఉన్నదున్నట్టు వచ్చే ఫైల్) 30 ఎంబీ అనుకుంటే కార్డులో 12 జీబీ ఖాళీ ఉండాలి. జేపెగ్‌లో తీస్తే ఇదంతా దండగ, రా మాత్రమే.

ఎపర్చర్ ఎఫ్ 1.8 దగ్గర వదిలేయకండి. మూలల్లో చుక్కలు పక్షి రెక్కల్లా విచ్చుకుంటాయి, ప్రకాశవంతమైన వాటి చుట్టూ నీలి వలయం వస్తుంది. ఎఫ్ 2.8కి దించితే రెండూ బాగా తగ్గుతాయి. దించినప్పుడు డయాఫ్రమ్ బ్లేడ్ల వల్ల పెద్ద చుక్కలకి కిరణాలు మొలుస్తాయి (7 బ్లేడ్లుంటే 14 కిరణాలు). కొందరికి అవే ముచ్చట, నాకు మాత్రం నెబ్యులా మీద పడితే చిరాకు. ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫ్) చూడండి. గుట్ట ఎడమ గోడకి అతుక్కుని ఉంటే 3200కి వెళ్లండి, గోడ నుంచి విడివడితే చాలు. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ తప్పకుండా ఆపేయాలి. ఆపకపోతే ప్రతి ఫ్రేమ్ తర్వాత అంతే సేపు షట్టర్ మూసి ఇంకో ఫ్రేమ్ తీసుకుంటుంది, సగం రాత్రి అలాగే పోతుంది.

ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది ఫోకస్ దగ్గర. లెన్స్ మీది అనంతం గుర్తుని నమ్మొద్దు. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో రైజెల్ లాంటి పెద్ద చుక్కని మధ్యకి తెచ్చి 10 రెట్లు జూమ్ చేయండి. రింగ్ మెల్లగా తిప్పుతుంటే చుక్క చిన్నదవుతూ వచ్చి మళ్లీ ఉబ్బడం మొదలవుతుంది. ఆ బిందువు దాటి వెళ్లి, వెనక్కి రావాలి. ఇలాంటి లెన్సుల్లో ఇంకో ఆనవాలు కూడా ఉంది: ఫోకస్‌కి ఒక పక్క చుక్క అంచు ఊదా రంగు పూసుకుంటుంది, మరో పక్క పచ్చగా మారుతుంది. ఆ రెండు రంగులకీ మధ్య, ఏదీ కొట్టొచ్చినట్టు కనబడని చోట ఆగండి. బాటినోవ్ మాస్క్ (లెన్స్ ముందు పెట్టే చీలికల మూత) ఉంటే ఇంకా తేలిక, మూడు గీతల్లో మధ్యది మిగతా రెండింటికీ సరిగ్గా నడుమన పడాలి. కుదిరాక రింగ్‌ని కాగితపు టేపుతో అంటించేయండి. అయినా రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ జరుగుతుంది, అరగంటకోసారి చూసుకోవాల్సిందే.

ట్రైపాడ్ కాళ్లు పొట్టిగా ఉంచండి, మధ్య రాడ్ పైకి లేపొద్దు. కెమెరాని 3 సెకన్లకి, కంటిన్యువస్ మోడ్‌కి పెట్టి, కేబుల్ రిమోట్ బటన్ నొక్కి లాక్ చేస్తే దానంతటదే తీసుకుంటూ పోతుంది. 10 నిమిషాల్లో ఓరియన్ ఫ్రేమ్‌లో రెండున్నర డిగ్రీలు పడమరకి జరిగిపోతుంది. అందుకని నెబ్యులాని మధ్యకి కాస్త తూర్పుగా పెట్టి, మధ్య గుండా దాటనిచ్చి, తర్వాత మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. తెచ్చిన ప్రతిసారీ సరిగ్గా పాత చోటే పెట్టకుండా కాస్త అటూఇటూ జరపండి. ఫ్రేమ్‌లన్నీ ఒకే దిక్కుకి జరుగుతూ పోతే సెన్సర్ మచ్చలు స్టాక్‌లో (ఫ్రేమ్‌లన్నీ కలిపిన ఫోటోలో) వాన జల్లులా చారలు కడతాయి. వాటిని తర్వాత తీసేయడం మహా కష్టం.

మంచు పట్టిందని తెలిసేసరికి సాధారణంగా వంద ఫ్రేమ్‌లు పోయి ఉంటాయి. చుక్కల చుట్టూ పలచని కాంతి పొర కనబడితే అనుమానించండి. లెన్స్ హుడ్ మొదటి రక్షణ. యూఎస్‌బీ హీటర్ పట్టీని పవర్ బ్యాంక్‌కి తగిలించి లెన్స్ మూతి చుట్టూ కడితే బెంగ ఉండదు. ముందే, లెన్స్ పొడిగా ఉన్నప్పుడే కట్టండి. పట్టిన తేమని బట్టతో తుడవొద్దు, దుమ్ము కలిసి గీతలు పడతాయి. వెచ్చబెడితే అదే పోతుంది.

క్యాలిబ్రేషన్ ఫ్రేమ్‌ల (కెమెరా, లెన్స్ లోపాల్ని తర్వాత తీసేయడానికి తీసేవి) విషయంలో కొత్తవాళ్లు డార్క్‌ల (మూత పెట్టి తీసేవి) మీద ప్రాణం పెట్టి ఫ్లాట్‌లు (సమానంగా వెలిగే తెల్లదనాన్ని తీసేవి) వదిలేస్తారు. 3 సెకన్ల ఎక్స్‌పోజర్‌కి డార్క్‌ల వల్ల వచ్చే లాభం కొంచెమే. లెన్స్‌కి మూత పెట్టి, వ్యూఫైండర్ కూడా మూసి, అదే ఐఎస్ఓ, అదే సమయం, అదే చలిలో 20 తీస్తే సరిపోతుంది. బయాస్ అంటే మూత పెట్టి అత్యంత వేగమైన షట్టర్‌తో 50, ఒక నిమిషం పని. ఫ్లాట్‌లే అసలైనవి. వాటికి ఫోకస్, ఎపర్చర్, ఐఎస్ఓ రాత్రి వాడినవే ఉండాలి. లెన్స్ మీద తెల్లని నూలు గుడ్డ రెండు మడతలు ముడతల్లేకుండా బిగించి, తెల్లవారుజాము ఆకాశం వైపు తిప్పి, హిస్టోగ్రామ్ గుట్ట మధ్యలో వచ్చేలా ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో 20–30 తీయండి. ఇవి లేకపోతే మూలల చీకటి, సెన్సర్ దుమ్ము మరకలు ఫోటో సాగదీసినప్పుడు (మసక భాగాలు కనబడేలా వెలుగు పెంచినప్పుడు) భూతాల్లా లేస్తాయి. టేపు పీకి ఫోకస్ మార్చాక తీసిన ఫ్లాట్‌లు సరిగా పనిచేయవు, దుమ్ము వలయాలు సగం చెరిగి సగం మిగులుతాయి. ల్యాప్‌టాప్ తెల్ల తెర మీద కూడా తీయొచ్చు కానీ క్లబ్బు రాత్రి మధ్యలో ఆ తెర వెలిగించారంటే మీ మీద అరిచేవాళ్లు నలుగురైనా ఉంటారు. తెల్లారేదాకా ఆగండి.

ఆ మాట వచ్చింది కాబట్టి క్లబ్బు రాత్రి గురించి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల వెలుగుతో అదంతా మొదటికొస్తుంది. సూర్యాస్తమయానికి ముందే చేరుకుని నేల చూసుకోండి. కారుని బయటికి వెళ్లే దిక్కుకే తిప్పి ఆపండి, లోపలి లైటు డోర్ తీస్తే వెలగకుండా ఆపేయండి. టార్చి ఎరుపుది, అదీ మసకది. కెమెరా తెర బ్రైట్‌నెస్ అట్టడుగుకి తగ్గించి, ఫోటో తీయగానే చూపించే రివ్యూ ఆపేయండి. మెరిసే చిన్న ఎల్ఈడీల మీద నల్ల టేపు వేయండి. టెలిస్కోపుతో కంటితో చూసేవాళ్లకి దూరంగా, ఫోటోలు తీసేవాళ్ల వరసలో నిలబడండి. గ్రీన్ లేజర్ ఊపొద్దు, పక్కవాళ్ల 5 నిమిషాల ఫ్రేమ్‌లో అది అడ్డంగా పడుతుంది. విమానాల వైపు తిప్పడం మరీ ప్రమాదం.

క్లబ్బు నుంచి మీరు తీసుకోగలిగిన పెద్ద లాభం ఒకటుంది. ఈక్వటోరియల్ మౌంట్ (భూభ్రమణానికి సరిగ్గా ఎదురు తిరుగుతూ చుక్కల్ని వెంబడించే స్టాండు) ఉన్నవాళ్లని, వాళ్ల టెలిస్కోపు మీద మీ కెమెరా బిగించనిస్తారా అని అడగండి. బరువు తక్కువే కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. అక్కడ 60 సెకన్ల ఫ్రేమ్ ఒకటి చూశాక డబ్బు దేనికి పెట్టాలో మీకే తెలుస్తుంది. కొనాల్సింది స్టార్ ట్రాకర్, అంటే కెమెరా కోసం అదే పని చేసే చిన్న మౌంట్. మోసే బరువు 5 కిలోలని రాసుంటే ఫోటోలకి మూడు కిలోలు దాటనివ్వకండి. ఆ లెక్కలో కెమెరాతో పాటు బాల్ హెడ్‌ని కూడా కలపాలి.

ట్రాకర్ అరువు దొరికితే పోలార్ అలైన్‌మెంట్‌లో (ట్రాకర్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడంలో) తరచూ జరిగే పొరపాటు ఇది: ధ్రువ నక్షత్రాన్నే గురి మధ్యలో పెట్టేయడం. అది అసలు ధ్రువానికి మూడింట రెండొంతుల డిగ్రీ దూరంలో ఉంది. దాన్నే ధ్రువం అనుకుంటే నిమిషానికి సుమారు 10 ఆర్క్ సెకన్ల దాకా జారుడు వస్తుంది. మీ 50 ఎంఎంకి అది ఒక పిక్సెల్ లోపే కాబట్టి కనబడదు. 135 ఎంఎం లెన్స్ వేసిన రోజు రెండు పిక్సెళ్లవుతుంది, అప్పుడు ట్రాకర్ బాగాలేదని తిట్టుకుంటారు. ఆ వేళకి ధ్రువ నక్షత్రం వలయంలో ఎక్కడుండాలో చూపించే యాప్‌లున్నాయి, గురి దుర్భిణిలో అక్కడ పెట్టండి. కెమెరా బిగించాక మళ్లీ ఒకసారి చూసుకోండి, బిగించేటప్పుడు తల కదులుతుంది.

ఓరియన్‌తో పాటు ఇంకేం తీయాలో ముందే అనుకుని వెళ్లండి. మామూలు కెమెరా లోపలి ఫిల్టర్ 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి ఎర్రటి మబ్బు మీద కనబడే హార్స్‌హెడ్ నెబ్యులా లాంటి వాటి జోలికి పోకండి. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు 3 డిగ్రీలు, మీ లెన్స్‌లో 700 పిక్సెళ్లొస్తుంది, చీకటి పడగానే అది తీసి ఓరియన్‌కి రావచ్చు. కృత్తికలు కూడా మీ కెమెరాకి సరిపోతాయి, కాకపోతే వాటి నీలి మబ్బు రావాలంటే ట్రాకర్ కావాలి.

స్టాకింగ్‌కి సిరిల్ లేదా డీప్‌స్కై‌స్టాకర్, రెండూ ఉచితం. ఫ్రేమ్‌లన్నీ ఒకేసారి అందులో వేసేయకుండా ముందు ఒక్కొక్కటీ చూసి విమానాలు పడ్డవి, కదిలినవి తీసేయండి. మొదటి స్టాక్ నల్లగా, ఏమీ లేనట్టు కనబడుతుంది, కంగారు పడకండి. ముందు బ్యాక్‌గ్రౌండ్ గ్రేడియంట్ (ఆకాశం ఒక పక్క ఎక్కువ వెలిగినట్టు కనబడటం) తీసి, రంగులు సరిచేసి, ఆ తర్వాతే సాగదీయాలి. ఓరియన్ నడిబొడ్డు తెల్లగా కాలిపోతే ఒకటి, అర సెకన్ల ఫ్రేమ్‌లు ఇంకో 50 తీసి నడుమన కలపాలి.

వచ్చే క్లబ్బు సమావేశానికి పూర్తయిన జేపెగ్‌తో పాటు ఒక రా ఫ్రేమ్, ఒక ఫ్లాట్, స్టాక్ చేసిన ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఫోకస్ జారిందా, ట్రైపాడ్ కదిలిందా, ఫ్లాట్ సరిపోలేదా అన్నది అనుభవమున్నవాళ్లు రా ఫ్రేమ్ మూలలు చూసి చెప్పగలరు, జేపెగ్ చూసి చెప్పలేరు.