ఇత్తడి చక్రాల పిచ్చికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ‘స్టీమ్‌పంక్‌డ్’ అనే అమెరికా టీవీ పోటీ చూసినప్పటి నుంచి పాత గడియారాలు, కుట్టుమిషన్ భాగాలు విప్పి ఏవేవో తయారుచేస్తోంది. బీటెక్ వద్దు, ఇదే చేస్తానంటోంది. దీంతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: స్టీమ్‌పంక్ అంటే వస్తువులకు పాతకాలపు ఆవిరి యంత్రాల రూపునిచ్చే ఒక శైలి మాత్రమేనండీ. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన మీకెక్కడా కనబడదు. కానీ ఆ పోటీలో వాళ్ళు చేసే పనికి ఉద్యోగాలున్నాయి.

2015లో జీఎస్‌ఎన్ చానెల్‌లో వచ్చిన కార్యక్రమం అది. గెలిచినవారికి లక్ష డాలర్లు. పోటీదారులు జట్లు కట్టి, ఇచ్చిన గడువులోగా గదులకూ దుస్తులకూ వస్తువులకూ విక్టోరియా రాణి కాలపు ఆవిరి యంత్రాల రూపు తేవాలి. ఇత్తడి గొట్టాలు, రాగి రేకులు, తోలు పట్టీలు, పళ్ళచక్రాలు. ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది కాబట్టి అలాంటి పోటీల మీద ఆశ పెట్టుకోవద్దని అమ్మాయికి చెప్పండి. న్యాయనిర్ణేతల్లో ఒకరైన థామస్ విల్లెఫోర్డ్‌ను మాత్రం గమనించమనండి. ఆయన తోలు, లోహం పనిలో చెయ్యి తిరిగిన మనిషి.

ఈ శైలిలో తరచూ వినబడే విమర్శ ఒకటుంది: దేన్నీ తిప్పని చక్రాలను ఊరికే అతికించేస్తారని. మీ అమ్మాయి ఎంపీసీ చదువు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. 48 పళ్ళ చక్రం ఒక చుట్టు తిరిగితే దానికి ఆనుకున్న 12 పళ్ళ చక్రం నాలుగు చుట్లు తిరుగుతుంది. ఇది తెలిసి చేసిన వస్తువు చూడగానే తెలిసిపోతుంది. ఇక సెట్లలో మెరిసే ఇత్తడి చాలావరకు ఇత్తడి కాదు. ఫోమ్ షీటుకో పీవీసీ పైపుకో నల్లరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో పైపైన ఇత్తడి రంగు రుద్దుతారు. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ రోజూ చేసే పని ఇదే. ‘బాహుబలి’కి ప్రొడక్షన్ డిజైనర్‌గా చేసిన సాబు సిరిల్ చెన్నై ప్రభుత్వ లలిత కళల కళాశాలలో చదువుకున్నవారే.

నా ఓటు ముందుగా డిజైన్‌లో డిగ్రీ అయిన బీడిజైన్‌కి. మీకు దగ్గర్లోనే, అమరావతి ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. అక్కడ ఇండస్ట్రియల్ డిజైన్, అంటే వస్తువుల రూపకల్పన, మీ అమ్మాయి ధోరణికి బాగా నప్పుతుంది. ప్రవేశానికి డ్యాట్ అనే పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ రాయాలి. అందులో బొమ్మ గీయడం తప్పదు. హైదరాబాద్ నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) కూడా చూడండి. ఎన్‌ఐడీ, నిఫ్ట్‌ల రెండో దశలో ఎదురుగా తీగ, కాగితం, అట్టలాంటివి పెట్టి, అప్పటికప్పుడు ఏదో ఒకటి తయారుచేయమంటారు. గడియారాలు విప్పే పిల్ల అక్కడ బెదరదు. కోచింగ్ సెంటర్లు దాన్ని కూడా బట్టీ పట్టించాలని చూస్తాయి, అది వేరే సంగతి!

సినిమా సెట్ల మీదే మనసుంటే హైదరాబాద్‌లోని లలిత కళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) చేసి, ఆపైన పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఆర్ట్ డైరెక్షన్‌కి వెళ్ళొచ్చు. ఈ రంగంలో మొదటి కొన్నేళ్ళు జీతం తక్కువ, పనివేళలు ఎక్కువ. ఆ మాట ఇప్పుడే చెప్పండి.

బీటెక్‌ను పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. ఎప్‌సెట్ రాయనివ్వండి. మెకానికల్ చేశాక సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కి (డిజైన్‌లో పీజీకి) మళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. యూసీడ్ మామూలుగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి కాబట్టి అక్టోబరు నుంచే ఈ పరీక్షల వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి. ఈలోగా తను చేసిన ప్రతి వస్తువుకీ మొదటి గీతల నుంచి, పాడైన నమూనాతో సహా ఫొటోలు తీసి దాచమనండి. పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) చూసేవాళ్ళు చివరి ఫొటో కన్నా మధ్యలో ఏం మార్చావు, ఎందుకు మార్చావు అనే అడుగుతారు.