ఏకపక్షం అన్నందుకు పది రోజుల మౌనం

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్లిలో అమ్మావాళ్లు పెట్టిన నాలుగు తులాల నగల్ని మావారు నాకు చెప్పకుండా కుదువబెట్టి, మా మరిది బోరుకు డబ్బిచ్చారు. బీరువాలో ఎర్ర డబ్బా తెరిస్తే ఖాళీ! కోపంలో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో 'ఇది ఏకపక్ష నిర్ణయం' అని పెట్టాను. 'ఇంట్లో కోర్టు మాటలా' అంటూ పది రోజులుగా ఆయన నాతో మాట్లాడట్లేదు. బాబును స్కూలు మార్చినప్పుడు నేనూ ఫీజు కట్టేశాకే చెప్పాను, అప్పుడు ఆయన ఏమీ అనలేదు. నేను వాడిన మాట తప్పా?

జవాబు: మాట తప్పు కాదమ్మా. ఒక్కరే తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఏకపక్షం కాదు. మీవారు తన జీతంతో ఫోన్ కొనుక్కుంటే అది ఆయన సొంత నిర్ణయం. ఇంకొకరికీ సంబంధమున్న విషయాన్ని వాళ్లని అడక్కుండా తేల్చేస్తేనే ఏకపక్షం. ఇక్కడైతే ఆ నగలు అసలు మీవే. స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదనీ, కష్టకాలంలో వాడుకున్నా తిరిగివ్వాలనీ సుప్రీంకోర్టు 2024లో కూడా చెప్పింది.

అయితే ఆ మాటకు కోర్టు వాసన ఉన్న సంగతీ నిజమే. ప్రతివాది రానప్పుడు ఇచ్చే ఎక్స్‌పార్టే తీర్పును ఏకపక్ష తీర్పు అనే అంటారు. పైగా 'పక్షం' అనగానే ఇంట్లో రెండు జట్లు కట్టినట్టుంటుంది. ఆ గ్రూపులో మీ అత్తగారు ఉండి ఉంటారు, బోరు డబ్బు తీసుకున్న మరిదీ ఉండి ఉంటాడు. ఆయనకు మాటకన్నా అందరి ముందూ తల కొట్టేసినట్టవడమే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. (పోనీ తేలిక మాట కదా అని 'ఒంటెద్దు పోకడ' అనేరు, ఎద్దుతో పోల్చిందని ఇంకో పది రోజులు!)

స్కూలు సంగతి మీ అంతట మీరే రాశారు, సంతోషం. ఫీజు కట్టేశాక చెప్పడం కబురు చెప్పడమే కానీ అడగడం కాదు. ఆయన ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టేనని అనుకోకండి.

గ్రూపులో ఇక వివరణలు పెట్టొద్దు. బాబు పడుకున్నాక మీరే కదిలించండి: 'అందరిలో పెట్టడం నా పొరపాటే. కానీ నన్ను ఒక్క మాట అడగాల్సింది. లోన్ చీటీ ఒకసారి చూపించండి.' చీటీలో గడువు తేదీ, వడ్డీ చూడండి. గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు, అందుకే ఈ మాట ముందు తేల్చుకోవాలి. మరిది డబ్బు ఎప్పటికిస్తాడో మీవారినే కనుక్కోమనండి, మీరు ఫోన్ చేయొద్దు. 'పంట వచ్చాక చూద్దాం' అంటే ఏ నెలో అడిగి, ఆ చీటీ వెనకే రాయించుకోండి.