ఇయర్ ప్యాడ్లు బయట కొని మార్చుకుంటే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. నిరుడు ఆన్‌లైన్‌లో రూ.24,000 పెట్టి బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. వారంటీ ఏడాది. తొమ్మిదో నెలకల్లా ఇయర్ ప్యాడ్ల మీది తోలు పొరలు పొరలుగా రాలి చెవులకు, జుట్టుకు అంటుకోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘ప్యాడ్లు వారంటీలోకి రావు, ఒరిజినల్ జత స్టాకు కూడా లేదు’ అన్నారు. చేసేది లేక వేరే కంపెనీ ప్యాడ్లు రూ.900కు తెప్పించి నేనే మార్చుకున్నాను. ఇప్పుడు నాయిస్ క్యాన్సలింగ్ ఆన్ చేస్తే కుడివైపు గరగరమని శబ్దం వస్తోంది. తీసుకెళ్తే ‘బయటి ప్యాడ్లు వేశారు కాబట్టి వారంటీ రద్దయింది, రూ.6,500 కట్టండి’ అంటున్నారు. వారంటీకి ఇంకా మూడు వారాలుంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ‘ఇక్కడైతే అలా అనడానికి చట్టం ఒప్పుకోదు’ అంటున్నాడు. మనకు అలాంటి చట్టం లేదా? డబ్బు కట్టాల్సిందేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: కట్టనక్కర్లేదు. కానీ ఆ మూడు వారాలు చేజారనివ్వకండి. ఈరోజే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. బిల్లు నంబరు, హెడ్‌ఫోన్స్ సీరియల్ నంబరు, శబ్దం ఎప్పుడు మొదలైందీ, సర్వీస్ సెంటర్‌కు ఏ తేదీన తీసుకెళ్లిందీ అందులో రాయండి. అంతకుముందు ప్యాడ్ల కోసం వెళ్తే స్టాకు లేదన్నారన్న సంగతి కూడా తప్పక రాయండి. గడువు లోపల ఫిర్యాదు అందిందనడానికి ఆ మెయిలే రుజువు. అది ఉంటే, రేపు గడువు దాటాక ‘వారంటీ అయిపోయింది కదా’ అన్న మాట చెల్లదు.

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. ప్యాడ్లు పాడవడం ఒకటి, కుడివైపు గరగర ఇంకొకటి. చాలామంది రెంటినీ ఒకే ఫిర్యాదులో కుక్కి, బలహీనమైన దానివల్ల బలమైనదాన్ని కూడా పోగొట్టుకుంటారు.

ప్యాడ్ల విషయంలో మీ కేసు బలహీనం. వాటి మీద ఉండేది చాలావరకు అసలు తోలు కాదు, గుడ్డ మీద పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. చెమటకు, గాలిలోని తేమకు ఆ పూత నెమ్మదిగా విడిపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో రోజూ గంటల తరబడి పెట్టుకుంటే ఇంకా త్వరగా పోతుంది. అందుకే చాలా కంపెనీల వారంటీ కాగితాల్లో ప్యాడ్లను వాడకంలో అరిగే భాగాలుగా రాసి పక్కన పెడతారు. కొన్న కొద్ది వారాలకే కుట్టు ఊడినా, జిగురు వదిలేసినా అది తయారీ లోపమని గట్టిగా వాదించవచ్చు. తొమ్మిది నెలల వాడకం తర్వాత అది కష్టం. ఈ రూ.900 కోసం పోరాడవద్దనే నా సలహా.

గరగర సంగతి వేరు. అది లోపలి మైకుదో సర్క్యూట్‌దో అయితే అచ్చంగా వారంటీ కిందికి వచ్చే లోపమే. దాన్ని ఉచితంగా బాగుచేయకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం.

‘బయటి ప్యాడ్లు వేశారు కాబట్టి’ అన్న కారణం నిలుస్తుందా? వారంటీ కాగితం తీసి ఆ షరతు అక్షరం అక్షరం చదవండి. ‘ఒరిజినల్ కాని భాగాల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు’ అని ఉంటే, నష్టం ఆ భాగం వల్లే కలిగిందని కంపెనీ చూపించాలి. మినహాయింపును అడ్డం పెట్టుకున్నవారే అది వర్తిస్తుందని రుజువు చేయాలి. బీమా కేసుల్లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ‘అనుమతి లేకుండా విప్పినా, రిపేరు చేసినా వారంటీ ఉండదు’ అని మాత్రమే ఉంటే మీ పని ఇంకా సులువు. ప్యాడ్ మార్చడమంటే హెడ్‌ఫోన్ విప్పడం కాదు. క్లిప్పులతో ఊడివచ్చి, మళ్లీ క్లిప్పులతోనే బిగుసుకునే భాగమది. మీ మోడల్ యూజర్ మాన్యువల్‌లో గానీ కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ ప్యాడ్లు ఎలా మార్చుకోవాలో చూపించి ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. వాడేవారే మార్చుకోవచ్చని కంపెనీయే చెప్పిన పనిని తర్వాత తప్పుగా చూపడం కుదరదు. ఇంకో కంపెనీ తయారుచేసిన ప్యాడ్లు కొనడం కూడా తప్పేమీ కాదు. ఫలానా మోడల్‌కు సరిపోతాయని చెప్పడానికి ఆ బ్రాండు పేరు వాడుకోవడాన్ని, కొనేవారిని మోసగించనంతవరకు, ట్రేడ్ మార్కుల చట్టం, 1999లోని 30వ సెక్షనే అనుమతిస్తోంది. పేరు పెట్టి ‘ఒరిజినల్’ అని నకిలీవి అమ్మితేనే నేరం.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, మా బ్రాండు భాగమే వాడితేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. ఆ భాగాన్ని ఉచితంగా ఇచ్చినా, అక్కడి వ్యాపారాలపై నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మినహాయింపు ఇచ్చినా తప్ప. ఇంత సూటిగా రాసిన చట్టం మనకు లేదు. లేకపోవడం లోటేనని నా అభిప్రాయం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది కానీ అది సమాచారం ఇచ్చే వేదికే, దాన్ని పట్టుకుని కేసు వేయలేం. అయితే దారి చూపే తీర్పు ఒకటుంది. కార్ల విడిభాగాల కేసులో, మార్కెట్‌లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టవద్దనీ, ఆ బయటి పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చనీ అందులో ఆదేశించింది. దానిమీద అప్పీళ్లు నడిచాయి. అది కార్ల కేసు, పోటీ చట్టం కింద వచ్చింది కాబట్టి మీ కేసుకు నేరుగా అతకదు. కానీ అందులోని తర్కం మీ పరిస్థితికి సరిగ్గా సరిపోతుంది. పైగా ఒరిజినల్ ప్యాడ్లు స్టాకు లేవన్నది వాళ్లే.

అవతలివాళ్ల వాదనలోనూ కొంత పస ఉంది, అది తెలిసి ఉండండి. నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్స్‌లో చాలావాటికి చెవి గిన్నె లోపల కూడా మైకు ఉంటుంది. ప్యాడ్ చెవి చుట్టూ సరిగా మూసుకోకపోతే గాలి దూరి బయటి హోరు తగ్గకపోవచ్చు, ఒక్కోసారి ఈల లాంటి శబ్దం కూడా రావచ్చు. కాబట్టి పాత ప్యాడ్లు పారేసి ఉండకపోతే వాటిని మళ్లీ బిగించి చూడండి. గరగర అలాగే ఉంటే దోషం కొత్త ప్యాడ్లది కాదని తేలిపోతుంది. పాతవి లేకపోతే కుడి ప్యాడ్ ఎడమకు, ఎడమది కుడికి మార్చే వీలుందేమో చూడండి. కొన్ని మోడళ్లలో కుదరదు, బలవంతం చేయకండి. రెండువైపులా ఒకే రకం ప్యాడ్లు వేసినా ఒక్క కుడివైపే శబ్దం రావడం ఎలాగూ మీకు అనుకూలమే. ఇదంతా ఆపకుండా ఒకే వీడియోగా, సీరియల్ నంబరు కనబడేలా తీయండి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు దానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే మంచిది.

ఆ తర్వాత మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, మీ ఫిర్యాదు రాసి ఇచ్చే కాగితం, అంటే జాబ్ షీట్ అడగండి. వారంటీ ఎందుకు ఇవ్వడం లేదో దానిమీద రాయమనండి. నోటిమాటతో తిప్పి పంపడం వాళ్లకు అలవాటు, కాగితం మీద పెట్టమంటే చాలాసార్లు అక్కడికక్కడే స్వరం మారుతుంది. రాయనంటే ఆ సంగతే ఆ సాయంత్రం ఇంకో మెయిల్‌లో రాయండి. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి ఆ షాపింగ్ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికీ పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయండి. కంపెనీని కదిలించడానికి చాలా కేసుల్లో ఇదే సరిపోతుంది.

అప్పటికీ దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రెండేళ్లలో వేయాలి. తయారీదారు లేదా దిగుమతిదారు, అమ్మినవారు, సర్వీస్ సెంటర్ ముగ్గురినీ చేర్చండి. లోపం ఎక్కడుందో తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబ్ పరీక్షకు పంపమని అడగవచ్చు. ఉచితంగా బాగుచేయాలి లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి, దానితోపాటు ఖర్చులు, మనోవేదనకు మితంగా పరిహారం అని అడిగితే చాలు. వారంటీ షరతే అన్యాయమైన ఒప్పందమని వాదించే జోలికి పోవద్దు. అలాంటి ఫిర్యాదులకు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, మీకు ఆ తిప్పలు అక్కర్లేదు.

అవతలివాళ్లు ఒక అడ్డుపుల్ల వేయవచ్చు, మీరు వీటిని ఉద్యోగానికి వాడారు కాబట్టి వినియోగదారు కారని. అది చెల్లదు. మీరు హెడ్‌ఫోన్స్‌తో వ్యాపారం చేయడం లేదు, తిరిగి అమ్మడమూ లేదు. కాకపోతే బిల్లు మీ పేరున ఉందో లేదో చూసుకోండి. మీ కంపెనీ కొనిచ్చి బిల్లు దాని పేరున ఉంటే చిక్కు వస్తుంది, అప్పుడు వాళ్ల చేతే ఫిర్యాదు పెట్టించడం మేలు.

రేపటి మీటింగులకు హెడ్‌ఫోన్స్ లేకపోతే కుదరదనుకుంటే, చివరి మార్గంగా రూ.6,500 కట్టి బాగుచేయించుకోండి. కానీ కట్టేముందే ‘అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు వదులుకోవడం లేదు’ అని మెయిల్ పెట్టండి. రసీదు తీసుకోండి. తీసేసిన పాత భాగాన్ని వెనక్కి అడిగి దాచుకోండి, ల్యాబ్ పరీక్ష అంటూ వస్తే చూపించడానికి మిగిలేది అదొక్కటే.