పాఠకుల ప్రశ్నలు: క్యాంపస్‌కు లాప్‌టాప్ బ్యాగు

ప్రశ్న: మాది బరంపురం. భంజ విహార్‌లో (బరంపురం విశ్వవిద్యాలయ ప్రాంగణం) పీజీలో చేరాను. 15.6 అంగుళాల లాప్‌టాప్, రెండు పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పట్టే మధ్యరకం బ్యాగు కావాలి. వానాకాలం కూడా ఆటోలోనే వెళ్లిరావాలి. ఏం చూసి కొనాలి?

జవాబు: 25 నుంచి 28 లీటర్ల బ్యాగు చాలు. అంతకన్నా పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని నింపేస్తారు. 15.6 అంగుళాలన్నది తెర మూల నుంచి మూలకు కొలత. లాప్‌టాప్ వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు, పాత మోడళ్లయితే ఇంకాస్త ఎక్కువ. కాబట్టి చీటీ మీది అంకెను నమ్మకండి. మీ లాప్‌టాప్‌ను బ్యాగుల దుకాణానికి తీసుకెళ్లి, అరలో దించి చూసుకోండి.

అప్పుడే అతి ముఖ్యమైన పరీక్ష ఒకటి చేయండి. ఒక చెయ్యి లాప్‌టాప్ అరలోకి, రెండోది బ్యాగు అడుగుకు పెట్టండి. ఆ అర, బ్యాగు అడుగుకు ఆనకుండా రెండు మూడు సెంటీమీటర్లు పైన వేలాడాలి. చాలా బ్యాగుల్లో ఇది ఉండదు. ఆటోలోంచి దిగి బ్యాగు గట్టు మీద పెట్టగానే బరువంతా లాప్‌టాప్ మూల మీద పడుతుంది, బాడీ చిట్లేది అక్కడే. ఇదొక్కటి లేకున్నా మిగతావన్నీ నచ్చితే, ఆ అర లోపల అడుగున మందపాటి ఫోమ్ ముక్క వేసుకోండి.

ఇక పట్టీలు. బ్యాగు ముందుగా తెగేది భుజం పట్టీ పైకుట్టు దగ్గరే. లోపల చూడండి: ఒంటి వరస కుట్టు ఉంటే వదిలేయండి. చతురస్రంలో X గుర్తు వేసి కుట్టినదో, దగ్గర దగ్గరగా అడ్డకుట్లు వేసినదో తీసుకోండి. ఒక్క పట్టీ పట్టుకుని ఎత్తే అలవాటు ఎంత మంచి కుట్టునైనా తెంపేస్తుంది.

గుడ్డ 600 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) పాలియెస్టర్ అయితే రోజువారీ వాడకానికి సరిపోతుంది. వాన నీరు గుడ్డలోంచి కన్నా జిప్పు, కుట్లలోంచే ఎక్కువ దిగుతుంది, అందుకే రెయిన్ కవర్ తప్పదు. అయితే అది వీపు వైపును కప్పదు. మీ వీపు మీదుగా జారే నీరు నేరుగా చేరేది లాప్‌టాప్ అర దగ్గరకే! లాప్‌టాప్‌ను మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టాకే అరలో పెట్టండి. నీళ్ల సీసా ఎప్పుడూ బయటి జేబులోనే.

లాప్‌టాప్ 2 కిలోలు, ఛార్జర్ దాదాపు 400 గ్రాములు, లీటరు నీళ్లు కిలో, పుస్తకాలు, డబ్బా, బ్యాగు కలిపి మరో 3 కిలోలు. మొత్తం ఆరున్నర కిలోలకు దగ్గరవుతుంది. మీ ఒంటి బరువులో 10 నుంచి 15 శాతం దాటనివ్వకండి. బరువైనవి వీపుకు ఆనేలా సర్దండి.

ప్రశ్న: జిప్పు వేసినా వెనక నుంచి విచ్చుకుంటోంది. పళ్లు బాగానే ఉన్నాయి. మార్చాలా? (గుణుపురం నుంచి)

జవాబు: అక్కర్లేదు. బ్యాగు కిక్కిరిసి ఉన్నప్పుడు బలవంతంగా లాగితే రన్నర్ (జిప్పు మీద ముందుకూ వెనక్కీ జరిగే ముక్క) దవడలు వదులవుతాయి, పళ్లను నొక్కలేవు. రన్నర్‌ను జిప్పు తెరిచి ఉండే చివరకు తెచ్చి, పళ్లు కలిసి బయటికొచ్చే వైపు రెండు అంచులనూ పట్టకారుతో కొద్దికొద్దిగా నొక్కండి. నొక్కిన ప్రతిసారీ లాగి చూడండి. గట్టిగా నొక్కితే విరిగిపోతుంది. కుదరకపోతే బ్యాగులు బాగుచేసేవారి దగ్గర రన్నర్ ఒక్కటే మార్పించండి. దాని వెనక 5, 8 లాంటి నంబరు ఉంటే అదే నంబరుది వేయించాలి. గోపాలపూర్ ఒడ్డుకు తీసుకెళ్లిన బ్యాగైతే ముందు పాత టూత్‌బ్రష్‌తో ఇసుక దులిపి, తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాక పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి.