మొదటిసారి కంప అడ్డం వేశాం, రెండోసారి వేయలేదు

పల్లెల్లో కరోనా పెద్దగా రాలేదంటారు, నిజమేనా అని అడిగారు. మాది కందుకూరు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. నేను చూసింది చెబుతాను.

రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులోనే బయటపడింది, 2020 మార్చిలో, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. జబ్బు కంటే ముందు భయం వచ్చింది మాకు. లాక్‌డౌన్ పెట్టగానే పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా చిల్లకంప వేశారు. పొగాకు వేలం ఆగి బేళ్లు ఇళ్లలోనే ఉండిపోయాయి. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్లొచ్చినవాళ్ల వల్ల నెల్లూరు జిల్లాలో కేసులు పెరిగాయని తెలిశాక, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బాబాయి కొడుకునే పద్నాలుగు రోజులు బడిలో ఉంచారు. ఆ ఏడాది మా ఊళ్లో జబ్బు పడింది కొద్దిమందే.

2021 ఏప్రిల్ నాటికి ఆ భయం పోయింది. పెళ్లిళ్లు మామూలుగానే జరిగాయి, కంప ఊసే లేదు. ఇంటింటా జ్వరాలు. ఆర్ఎంపీ టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించేవాడు. పాజిటివ్ అని తేలితే ఊరు దూరం పెడుతుందన్న టెన్షన్‌తో మేమూ టెస్టు మాటెత్తలేదు. ఆ తప్పు మాది.

నాయనకు జ్వరం వచ్చిన ఏడో రోజు ఆశా కార్యకర్త ఆక్సిమీటర్ తెచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని మామూలుగానే మాట్లాడుతున్నాడు, కాఫీ కూడా అడిగాడు. వేలికి పెడితే 86. మిషన్ పాడైందేమోనని నా వేలికి పెట్టుకుంటే 98. మళ్లీ ఆయనకు పెడితే 85. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ అంత పడిపోతుందని ఆ రోజే తెలిసింది నాకు. రెండు చోట్ల బెడ్ లేదన్నారు, మూడో చోట దొరికింది. పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు.

ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కరోనాకని ఇచ్చిన నాటు మందు కోసం వేలమంది ఎగబడ్డారు. మా ఊరి నుంచీ రెండు ఆటోలు వెళ్లాయి. వాళ్లను తప్పుపట్టను, ఆస్పత్రిలో మంచం దొరకనివాళ్లు ఇంకెక్కడికి పోతారు? కానీ ఆ తోపులాటలో జబ్బు అంటుకోకుండా ఉంటుందా?

మా పక్కింటి పెద్దమ్మ సెలైన్ల మీదే ఐదో రోజు పోయింది. టెస్టు చేయలేదు కాబట్టి ఆమె ఏ లెక్కలోనూ లేదు. తర్వాత కరోనా మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు ఇస్తున్నారంటే ఆమె కొడుకు కాగితాలన్నీ తీసి వెతికాడు. ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ ఒక్కటే ఉంది, దాని మీద టైఫాయిడ్ అని ఉంది.